ఖాళీగా పోనివ్వని పాల్ రాజ్

పాల్ రాజ్‌కు ఖాళీ బండి పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, ఈయనకు ఖాళీ బండి పడదు. లారీ కానీ, ట్రాక్టర్ కానీ, చివరికి సైకిల్ వెనక క్యారియర్ కానీ, ఏమీ మోయకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంటే, కడివెడు పాలు ఎవరో మోరీలో పారబోస్తున్నట్టు ఆయన ముఖం మాడిపోతుంది. వెంటనే రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపుతాడు. బండి ఆగుతుంది. ఆగకపోతే గుద్దాలి కనుక ఆగుతుంది. అప్పుడు కిటికీలోకి తల పెట్టి ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎటు పోతున్నవ్, ఉత్తగ ఎందుకు పోతున్నవ్?"

ఈ సంగతి నాకు నలభై ఏళ్లుగా తెలుసు. తెలిసి కూడా మొన్న మార్చిలో, నిజామాబాద్ నుంచి సిరికొండ పోయే దారిలో, ఒక ఖాళీ బొలేరో పికప్ బండిలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. సిరికొండలో నాకు పనేమీ లేదు. ఆ అడవి అంచున మోదుగులు పూసి ఉంటాయి, చూసి చాలా ఏళ్లయింది, అంతే. నాలాంటివాడు ప్రయాణానికి కారణం వెతుక్కుంటూ కూర్చుంటే ప్రయాణమే మానుకోవాల్సి వస్తుంది. బండి నడుపుతున్న ప్రశాంత్ ఇద్దరు పిల్లల తండ్రి, మాటకారి. తెల్లారేసరికి నిజామాబాద్ మార్కెట్లో టమాటాలు దించేసి ఇంటికి పోతున్నాడు. దారిలో చెయ్యెత్తితే ఎక్కించుకున్నాడు.

ధర్పల్లి దాటాక ఒక మలుపులో ప్రశాంత్ బ్రేకు మీద కాలేశాడు.

"అయిపాయె," అన్నాడు. "సార్ దొరికిండు."

రోడ్డు మధ్యలో ఒక బక్కమనిషి నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, చంకలో గొడుగు, ఒక చేతిలో పేపర్లో చుట్టిన సొరకాయ. ఆ సొరకాయతో సహా చేతులు రెండూ బార్లా చాచి ఉన్నాయి. ముఖం గుర్తుపట్టకముందే నేను ఆ చేతుల్ని గుర్తుపట్టాను.

పాల్ రాజ్ కిటికీలోకి తల పెట్టాడు. నన్ను చూశాడు. మేం కలిసి ఏడేళ్లయింది.

"మధుకర్, జరుగు," అన్నాడు.

ఏడేళ్ల తర్వాత కలిసిన స్నేహితుడి పలకరింపు అంతే. జరిగాను. ఆయన ఎక్కి, సొరకాయను ఒళ్లో పెట్టుకుని, బండి కదలకముందే ప్రశాంత్ వైపు తిరిగాడు.

"నిన్న నర్సింలు సామాన్ ఎందుకు వాపస్ పంపినవ్?"

"తలుపు పెట్టుంది సార్. రెండుమాట్ల పిలిచిన. పలకలె. చేతికే ఇయ్యాలె అంటరు గద మీరు. ఇద్దామంటె చేతులే లేకపాయె. గందుకే పాల వ్యాన్ల బోధన్‌కు వాపస్ పెట్టిన."

"తలుపు బయటికెల్లి పెట్టుందా, లోపటికెల్లి పెట్టుందా?"

ప్రశాంత్ స్టీరింగు మీద గోరుతో గీకాడు.

"తాళం ఉన్నదా?"

"సూడలె సార్."

"ఫోన్ చేయకపోయావా అన్నా?" అన్నాను నేను.

"స్విచ్చాఫ్. ఊళ్లె కిరాణా కొట్టుకు చేసిన. బిడ్డ దగ్గరికి పోయిండేమో అన్నడు."

"మరింకేం?"

"నర్సింలుకు పిల్లలే లేరు, మధుకర్."

ప్రశాంత్ గేరు మార్చాడు. బండి వేగం అందుకుంది.

నర్సింలు ఎవరో చెప్పాలంటే బోధన్ ఫ్యాక్టరీ గురించి చెప్పాలి. నేను ఆ రోజుల్లో అక్కడ రెండు సీజన్లు కాటా గుమాస్తాగా పనిచేశాను. నా జీవితంలో ఒకే కుర్చీలో అంతకాలం కూర్చున్నది అక్కడే. పాల్ రాజ్ యార్డు బాబు. నర్సింలు చెరుకు బండి తోలేవాడు. వయసులో పాల్ రాజ్ కంటే నాలుగైదేళ్లు పెద్దే, అయినా ఆ యార్డులో అందరికీ ఆయన "సార్". చెరుకు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: కోసిన క్షణం నుంచి చెరుకు తూకం పోగొట్టుకుంటూనే ఉంటుంది. ఒక పగలంతా ఎండలో నిలబడిందంటే రైతు కడుపు కొట్టినట్టే. ఇటు చూస్తే, చెరుకు అందక మిల్లు ఆగిందా, మళ్లీ వేడెక్కి మొదలయ్యేసరికి ఇంజనీర్ల నోళ్లు వేడెక్కుతాయి. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషి యార్డు బాబు. పాల్ రాజ్ లెక్క నలభై బండ్లు. యార్డులో ముప్పై ఉంటే మిల్లు నోరు తెరుచుకుంటుంది, యాభై ఉంటే చెరుకు ఎండుతుంది, ఎడ్లు ఎండుతాయి, బండ్లవాళ్లు కలిసి పాల్ రాజ్‌ను ఎండబెడతారు. అందుకని చెరుకు దించిన ఏ బండీ యార్డులో ఆవలిస్తూ నిలబడకూడదు. దించిన బండిని అటునుంచి అటే వేరే ఊరికి మళ్లించి, పోతూ పోతూ ఎరువు సంచులు వేసుకుపొమ్మనేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. మనిషికి ముప్పై ఏళ్లు ఒకే పని ఇస్తే అది చేతిలో ఉండదు, ఎముకల్లోకి పోతుంది.

ఆ ఎముకల జబ్బు ఇంట్లో కూడా తగ్గేది కాదు. ఆయన భార్య గ్రేస్ వంటింట్లోంచి ముందు గదికి ఉత్త చేతులతో నడిచి ఎరగదు. "లోపలికి పోతున్నవ్ గద, గా చెంబు తీస్కపో. బయటికి వస్తున్నవ్ గద, గా చాప తే." ఒకసారి నా ముందే ఆమె అంది: "చూడు మధుకరన్నా. రేపు ప్రభువు నన్ను పిలిస్తే, 'పైకి పోతున్నవ్ గద గ్రేస్' అని నా చేతుల ఓ సంచి పెడ్తడు గీయన." పాల్ రాజ్ పేపర్లోంచి తల ఎత్తలేదు. "సంచి దేనికి, అక్కడ మీ అమ్మున్నది గద, ఆమెకు రెండు మామిడికాయలు చాలు," అన్నాడు.

ఒక క్రిస్మస్‌కు మెథడిస్టు చర్చి హార్మోనియం రిపేరుకు నిజామాబాద్ పోయింది. తిరిగి రావడానికి బండి దొరకలేదు. పాస్టర్ గారు పరేషాన్. పండగ ముందురోజు పొద్దున వైకుంఠ రథం ఒకటి వచ్చి చర్చి ముందు ఆగింది. పాస్టర్ గారి ప్రాణం పోయినంత పనైంది. లోపల హార్మోనియం, దాని పక్కన పాల్ రాజ్.

"ఇందులో తెచ్చావేమయ్యా?" అన్నాడు పాస్టర్.

"పోయేటప్పుడు ఒకాయన్ని తీస్కపోయింది. వచ్చేటప్పుడు ఉత్తగ రావాల్నా?"

ఆ ఏడాది పాటలు అన్నీ కొంచెం నెమ్మదిగా వినిపించాయని కొందరు అన్నారు. అది మన చెవుల దోషం.

బాన్సువాడలో పెళ్లికూతురిని దించి, పూలదండలతో సహా తిరిగొస్తున్న కారులో పన్నెండు నాటుకోళ్లను ఎక్కించిన కథ వేరే ఉంది. అది కారు ఓనరు ముందు చెప్పకూడదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది కాలేజీ సంగతి. బోధన్‌లో ఒక కాలేజీకి హైదరాబాద్ నుంచి ఉదయలక్ష్మి అనే లెక్చరర్ వచ్చి సప్లై చైన్ మీద మాట్లాడింది. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను, ఎక్కడ ఉపన్యాసం ఉంటే అక్కడ వెనక బెంచీలో కూర్చోవడం నాకు అలవాటు. పాల్ రాజ్‌ను కూడా లాక్కుపోయాను. సరుకు నడిపే పద్ధతులు మూడట. లీన్ అంటే వృథా లేకుండా సన్నగా నడపడం. అజైల్ అంటే పరిస్థితి మారితే వెంటనే మళ్లడం. రెజిలియంట్ అంటే దెబ్బ తగిలినా మళ్లీ లేచి నిలబడడం. కంపెనీలు ఈ మూడింట్లో ఏది పట్టుకోవాలో తేల్చుకోలేక తలలు పట్టుకుంటున్నాయని ఆమె చక్కగా చెప్పింది. చివర్లో ప్రశ్నలున్నాయా అంటే పాల్ రాజ్ లేచాడు.

"మేడమ్, గీ మూడు మా యార్డుల పొద్దుటి డ్యూటీ, పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ. పొద్దున నలభై బండ్లకు మించనియ్యకపోయేది. పగటీలి రుద్రూరు దిక్కు వాన పడ్డదంటె, ఎండున్న దిక్కుకు మనిషిని ఉరికిచ్చేది. రాత్రి వాగు పొంగి తొవ్వ బందైతె రెండో తొవ్వల తెప్పిచ్చేది. ఒక్కటి పట్టుకుంటె ఎట్ల నడుస్తది? మిల్లు మూడు పూటల తింటది గద."

హాలు నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు, పెన్ను తీసింది. "ఇది రాసుకోవచ్చా సార్?" అంది. పాల్ రాజ్ సిగ్గుపడి, మాట మార్చడానికి, ఎలా వచ్చారమ్మా అని అడిగాడు. కార్లో వచ్చానంది. ఎందరు వచ్చారని అడిగాడు. ఒక్కదాన్నే అంది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ సాయంత్రం ఆమె కారు హైదరాబాద్ పోతూ పోతూ ఇద్దరు నర్సులను, ఒక కుట్టుమిషన్‌ను, కామారెడ్డిలో దించాల్సిన మేకపిల్లను తీసుకుపోయింది.

ఫ్యాక్టరీ మూతబడి పదేళ్లు. పాల్ రాజ్ రిటైర్మెంటుకు అప్పటికి మూడు నెలలే ఉన్నాయి. సీజన్‌లో ఊరంతా చెరుకు పాలు మరిగే వాసన ఉండేది. ఉతికిన బట్టల్లో, పుస్తకాల్లో, పసిపిల్లల తలల్లో కూడా అదే వాసన. సైరను కూస్తే టీ కొట్టువాడు పొయ్యి ఎగదోసేవాడు. ఇప్పుడు గేటు లోపల పిచ్చిమొక్కలు నడుముదాకా ఉన్నాయి, పొగగొట్టం మీద రామచిలుకలు కాపురం పెట్టాయి. నేను ఏ ఊళ్లో ఉన్నా, నవంబరు చివర్లో ఒక పొద్దున నిద్రలేచి కారణం లేకుండా గాలి పీలుస్తాను. ఏం వెతుకుతున్నానో ముక్కుకు తెలుసు. దొరకదు. కాఫీ తాగి ఇంకో ఊరికి బస్సెక్కుతాను.

యార్డు మనుషులు చెదిరిపోయారు. మాక్లూర్‌లో ఒకరు, మెండోరలో గోదావరి పక్కన ఇద్దరు, సిరికొండ దగ్గర తన ఎకరం మెట్టచెల్కలో నర్సింలు. అందరూ ముసలివాళ్లు. అందరూ కలిపి పదిహేడుమంది మిగిలారు. ఫ్యాక్టరీ పోయినా పాల్ రాజ్ లెక్క పోలేదు. పైగా ముదిరింది. రోడ్డు మీద పట్టుకున్న ప్రతి ఖాళీ బండిలోనూ ఈ పదిహేడుమందిలో ఎవరో ఒకరి నుంచి ఇంకొకరికి ఏదో ఒకటి పంపడం మొదలుపెట్టాడు. అదీ ఏం పంపుతాడు? పసుపు పండే ఊరికి పసుపు. గోదావరి పక్కన ఉన్నవాడికి ఎండుచేపలు. చింతచెట్టు ఉన్న ఇంటికి చింతపండు. వెంట ఒక చీటీ. డ్రైవర్‌కు రెండే షరతులు: చేతికే ఇయ్యాలె, ముట్టిందని వాళ్లతోనే ఫోన్ చేయించాలె. పక్కింట్లో పెట్టి పోవడం కుదరదు. జిల్లాలో సగంమంది డ్రైవర్లకు ఈ షరతులు కంఠతా వచ్చు. ఆయనకు పిచ్చి అని కూడా వాళ్లకు వచ్చు. కానీ ఎవరూ కాదనరు. పొద్దున్నే లేచి అన్ని బండ్ల దారులూ గుర్తుపెట్టుకునే మనిషి, దారిలో ఏ డ్రైవర్ బండి చెడిపోయినా ఇంకో బండితో తాడు పంపించగల మనిషి ఆయన ఒక్కడే కదా.

పంపిన సరుకు, ఇప్పుడు పాల్ రాజ్ ఒళ్లో ఉన్న ఆ సొరకాయ, తిరిగి రావడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. ఆయన బోధన్‌లో తెల్లారి బయల్దేరి, ఒక ఇటుకల ట్రాక్టర్, ఒక గ్యాస్ బండి, ఒక టెంట్‌హౌస్ ఆటో మారి ఇక్కడిదాకా వచ్చి, ప్రశాంత్ వచ్చే వేళకు రోడ్డు మీద నిలబడ్డాడు.

"బస్సెక్కకపోయావా అన్నా?" అన్నాను.

"బస్సు అన్ని ఊర్లల్ల ఆగుతది."

అది నాకు వింతగా తోచింది. ఆగడమే ఆయన పని అనుకున్నాను నేను.

ముందు ఒక ఊరి స్టేజీ వచ్చింది. చెట్టు నీడన నలుగురు నిలబడి ఉన్నారు. ఒకామె పక్కన రెండు బస్తాలు, ఒక పెద్దాయన చేతిలో కోడిపెట్టల గంప. మా బండి వెనక మంచమంత జాగా ఖాళీ. ఇంతకంటే పండగ పాల్ రాజ్‌కు ఏముంటుంది? ప్రశాంత్ అలవాటుగా బ్రేకు మీద కాలు పెట్టాడు. పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆపకు," అన్నాడు పాల్ రాజ్.

ప్రశాంత్ ఆయన వైపు చూశాడు. "సార్, బండి ఖాళీగున్నది."

"ఎర్కనే. పోనియ్యి."

"ఖాళీగనే పోనియ్యాల్నా?"

"పోనియ్యంటున్న గద."

ఆ నలుగురూ వెనకబడిపోయారు. పాల్ రాజ్ అద్దంలోకి కూడా చూడలేదు. ఆయన్ను నలభై ఏళ్లుగా ఎరిగినవాడిని, వరదలో చూశాను, సమ్మెలో చూశాను, ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డ రోజు చూశాను. ఏ రోజూ నాకు భయం వేయలేదు. ఆ ఖాళీ బండిలో వేసింది. అప్పటిదాకా నేను మోదుగుల కోసం బయటికి చూస్తూనే ఉన్నాను. కొండ మలుపు తిరిగాక అడవంతా ఎర్రగా అంటుకున్నట్టు పూసి కనబడింది. చూడబుద్ధి కాలేదు.

నర్సింలు ఇల్లు ఊరికి కిలోమీటరు అవతల, చెల్క గట్టు మీద. రెండు గదుల రేకుల ఇల్లు. మేం ఆగేసరికి వాకిట్లో ఒక కోడి తిరుగుతోంది. తలుపుకు తాళం లేదు. బయటి గొళ్లెం వేలాడుతోంది.

పాల్ రాజ్ తలుపు మీద చెయ్యి వేసి నెట్టాడు. కదల్లేదు.

"నర్సింలూ."

ఆయన మళ్లీ పిలవలేదు. ప్రశాంత్ చెప్పకుండానే బండి వెనక నుంచి జాకీ రాడ్డు తెచ్చాడు. ఇద్దరం కలిసి తలుపు సందులో దూర్చి నొక్కితే మూడోసారికి లోపలి గడియ ఊడింది.

నర్సింలు మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. కాలు ఒకటి తిరగకూడని వైపు తిరిగి ఉంది. తలదగ్గర నీళ్ల చెంబు బోర్లా పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూసి పెదాలు కదిపాడు. పాల్ రాజ్ మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. నేను మూలనున్న కుండలోంచి నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి పెదాల మీద పెట్టాను. కొంచెం కొంచెం మింగాక మాట పైకి వచ్చింది.

"సార్. ఫోన్ చేద్దామనుకున్న. చార్జింగ్ లేదు."

"ఎప్పుడు పడ్డవ్?"

"మొన్న మాపటీలి. బల్బు మారుద్దామని మంచమెక్కిన." ప్రశాంత్ వైపు కళ్లు తిప్పాడు. "నువ్వు పిలిచినవ్ నిన్న. ఇనబడ్డది. గొంతు రాలె."

ప్రశాంత్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నేను కిటికీలకెల్లి సూడాల్సుండె, తాతా."

"ఏం తెచ్చినవ్ నిన్న?"

"సొరకాయ."

"గదే అనుకున్న," అన్నాడు నర్సింలు. "పలకకపోవుడే మంచిగైంది."

పాల్ రాజ్ నవ్వలేదు. లేచి బయటికి పోయి, ఒక నిమిషం వాకిట్లో అటు తిరిగి నిలబడి, ముఖం తుడుచుకుని వచ్చాడు. వచ్చేసరికి మళ్లీ యార్డు బాబు. నర్సింలును మంచం మీదికి ఎట్లా చేర్చాలో, మంచంతో సహా ఎట్లా ఎత్తాలో, ఏ కాలు ముందు దించాలో, బండిలో తల ఎటు పెట్టాలో వరసగా చెప్పాడు. నలుగురు మోయాల్సిన మంచాన్ని ముగ్గురు ముసలివాళ్లం, కాదు, ఇద్దరు ముసలివాళ్లం ఒక ప్రశాంత్ కలిసి మోశాం. ఆ మంచం బొలేరో వెనక సరిగ్గా పట్టింది. ఒక్క బస్తా ఎక్కి ఉన్నా పట్టేది కాదు.

పాల్ రాజ్ ముందు కూర్చుని ఆస్పత్రికి ఫోన్లు మొదలుపెట్టాడు. నేను వెనక నర్సింలు తలదగ్గర గొడుగు పట్టుకుని కూర్చున్నాను. ప్రశాంత్ గుంత కనబడితే చాలు, అందులో పసిపిల్లలు నిద్రపోతున్నట్టు బండి పక్కకు తప్పిస్తున్నాడు.

"మధుకర్ సార్," అన్నాడు నర్సింలు కాసేపటికి. "ఓ ముచ్చట. ఆయనకు చెప్పకుండ్రి."

"చెప్పు."

"గా సొరకాయ ఎవరిక్కావాలె? నా చెల్కలనే సొరపాదు ఉన్నది, సూసిండ్రా? నెలకు రెండు పంపిస్తడు. మాక్లూర్ల ఉండే బాలవ్వకు నాతోని చింతపండు పంపిపిస్తడు. ఆమె ఇంటెనుక చింతచెట్టున్నది."

"మరి వద్దనొచ్చుగా?"

"వద్దంటె ఇంగ సార్ మమ్ముల ఏమని అడగాలె? ఉన్నవా, పోయినవా అని అడుగుతడా? గంత సిగ్గు మనిషి. 'ముట్టిందా' అంటడు. మేం 'ముట్టింది' అంటం. గంతే." నీళ్లు అడిగాడు, ఇచ్చాను. "పదిహేడుమందికి ఎర్కనే. మాకు ఎర్కున్నదని ఆయనకే ఎర్కలేదు."

నేను క్యాబిన్ వెనక అద్దంలోంచి పాల్ రాజ్ వెనకతల చూశాను. ఇన్నేళ్లుగా ఆ పార్సిళ్ల మీద నేను ఎన్ని చోట్ల ఎంతమందిని నవ్వించానో లెక్క లేదు. మంచి కథ అది. రైళ్లలో బాగా పలికేది.

"ఇంగోటి," అన్నాడు నర్సింలు. "ముట్టింది అన్నప్పుడు అవతల ఆయన ఊపిరి ఇడ్సిన ఆవాజ్ వస్తది. గది ఇంటె మాకు ఖుషీ. సార్ మంచిగున్నడు అనుకుంటం. యార్డుల గూడ గట్లనే ఉండె. నలభై బండ్లని గంత లొల్లి పెట్టెటోడు గని, గేటు పక్కన రెండు బండ్ల జాగ మటుకు ఎన్నడు నింపనియ్యకపోయేది. ఎందుకో ఎర్కనా? ఎండకు ఎద్దు పడితె పండవెట్టనీకి."

నేను రెండు సీజన్లు ఆ గేటు పక్కనే కూర్చున్నాను. ఆ జాగా చూశాను. పాల్ రాజ్ లెక్కలో తప్పనుకున్నాను.

నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే తీయించి చెప్పాడు: చీలమండ పైన ఎముక విరిగింది, తుంటి బాగానే ఉంది, ఒంట్లో నీళ్లు తగ్గాయి, సెలైన్ పెడితే తేరుకుంటాడు. ఇంకో పగలు గడిచి ఉంటే మాత్రం తను ఏమీ చెప్పలేకపోయేవాడినన్నాడు. మూడు వారాలు ఇక్కడే ఉండాలన్నాడు. సెలైన్ సీసా వైపు చూసి నర్సింలు, "గిది గూడ నువ్వే పంపినవా సార్?" అన్నాడు. అప్పుడు నవ్వాడు పాల్ రాజ్.

ప్రశాంత్ మంచం కాళ్లదగ్గర నిలబడి గొణిగాడు. "ఇయ్యాల బండి ఖాళీగుండుడు మంచిగైంది సార్."

"ఖాళీగ ఏడుండె? నర్సింలుకు రిజర్వు," అన్నాడు పాల్ రాజ్.

తర్వాత వరండాలోకి వచ్చి ఫోన్ తీశాడు. సొరకాయ పంపింది వీరరాఘవయ్య గారు, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసిన రైతు, ఇప్పుడు వరి వేస్తున్నాడు. చెవి మందం కాబట్టి స్పీకరు పెట్టే మాట్లాడాలి.

"వీరరాఘవయ్య గారూ, ముట్టింది. ఆ, చేతికే."

అవతల ఊపిరి విడిచిన చప్పుడు వచ్చింది. తర్వాత గట్టిగా, "బతికించారండీ పాల్ రాజ్ గారూ. నిన్నటి నుంచీ కూరలో ఉప్పు కూడా తెలవట్లేదండీ నాకు," అన్నాడాయన. సొరకాయ క్షేమం గురించి అంత దిగులుపడిన రైతును నేను చూడలేదు. పాల్ రాజ్ నా వైపు చూడకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గేటు దాకా కలిసి నడిచాం. ఎండ దిగుతోంది. టీ తాగాం. సాయంత్రం బస్సుకు నేను మహారాష్ట్ర వైపు పోదామనుకుంటున్నానని చెప్పబోయాను. ఆయనే ముందు అడిగాడు.

"మధుకర్, గురువారం ఏడుంటవ్?"

నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న ఎవరడిగినా, తెలియదు అనే చెప్పాను, అదేదో గొప్ప అయినట్టు. ఫ్యాక్టరీ వదిలి పోయేటప్పుడు ఈయనకూ అదే చెప్పాను. యార్డు మనుషుల లెక్కలో పదిహేడుమందే ఎందుకున్నారో, పద్దెనిమిదో పేరు ఎందుకు లేదో నాకు తెలుసు. అడ్రసు లేనివాడిని ఏ బండిలో వేస్తాడు ఎవరైనా?

"స్టేషన్ రోడ్డులో లాడ్జి ఉంది కదా, పాత పోస్టాఫీసు పక్కన. మేడ మీద గది," అన్నాను. ఆ గది నేనింకా తీసుకోలేదు.

"చేతికి దొరుకుతవా?"

"దొరుకుతాను."

"పొద్దటి పూటనా, మాపటి పూటనా?"

"ఎప్పుడైనా ఉంటానన్నా."

తలాడించాడు. గొడుగు చంకలో సర్దుకున్నాడు. "బెల్లం పంపుత," అన్నాడు.

"నాకు షుగరుందన్నా."

"తినుమని ఎవరన్నరు?"

అంతే. రోడ్డు అవతల ఒక స్కూలు బస్సు పిల్లల్ని దించేసి బోధన్ వైపు తిరుగుతోంది, నలభై సీట్లూ ఖాళీ. పోయొస్తానని అనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. రెండు చేతులూ చాపుకుని రోడ్డు మధ్యకు నడిచిపోయాడు.